మగ్గం ఆగిన రోజులు



సారు పేరు నా వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. నేను మళ్ళీ పలకను. ఈ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. సారు అంటే ఆయనే. ఆయన పోయాక ఇంటివాళ్ళు పాత గోడ క్యాలెండర్ల కట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. విప్పి చూస్తే ఎర్ర అంకెల జోలికి సారు పోనేలేదు. నల్ల అంకెల పక్కన పెన్సిలుతో సన్నగా రాసుకున్నారు. "మగ్గం బంద్." "నాగలి బంద్." "సుతారి రాలేదు." "పటం కథ, మూడో రోజు." ఏటా ఒక్కచోట మాత్రం, "అవ్వ చేతులు ఖాళీ."

ఇవాళ నేను చెప్పబోయేది ఆ పెన్సిలు రాతల చరిత్ర.

ఎర్ర అంకె ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూద్దాం. మన దేశంలో సర్కారు సెలవుకు ఆధారంగా చూపే చట్టం 1881 నాటిది. అది పండుగల కోసం చేసింది కాదు, హుండీలు, చెక్కుల కోసం చేసింది. కాగితం మీద గడువు సెలవునాడు పడితే దానికి ముందటి పనిదినానే డబ్బు కట్టాలన్నది అందులోని లెక్క. అంటే ఎర్ర అంకె బ్యాంకు తలుపు మూసే రోజు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ తలుపుతో పనేముంది? అతని సెలవు వేరే. అది ఎవరూ ఇచ్చింది కాదు, తరతరాలుగా అతను తీసుకుంటూ వచ్చింది.

అన్నిటికంటే పాతది బహుశా నెలనెలా వచ్చే అమాస. ఏ జాబితాలోనూ లేదు, ఏ జీవోలోనూ రాదు. అయినా ఇవాళ్టికీ మన కోరుట్లలో ఇల్లు కట్టించుకునేవాళ్ళను అడగండి, అమాస నాడు సుతారి మేస్త్రీ వస్తాడేమో. రాడు. పిలిచినా రాడు. నాగలి కట్టరు, ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే శ్రావణ మాసపు అమాసను ఏకంగా ఎడ్లకే ఇచ్చేశారు, పొలాల అమాస అని. కొమ్ములకు రంగులు వేసి, కడిగి, మొక్కి, ఆ రోజంతా వాటిచేత పని చేయించరు. వారానికి ఒక సెలవు అన్న ఆలోచన మనదాకా రాకముందే నెలకొకసారి మనిషికీ గొడ్డుకూ కలిపి ఒక రోజు పక్కన పెట్టుకున్న ఏర్పాటిది. చీకటి అంటే భయం అని కొందరంటారు. నాకు మాత్రం దాని వెనక నొప్పులు పుట్టిన నడుము కనిపిస్తుంది.

ఇక నూలు పున్నమి. సారు క్యాలెండర్లలో దీని పక్కన మాత్రం పెన్సిలు రెండుసార్లు దిద్ది ఉంది.

శ్రావణ పున్నమిని దేశమంతా రాఖీ అంటుంది. ఆ రోజు ఆర్టీసీ బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు, ఆడబిడ్డలంతా పుట్టింటి దారి పడతారు. బ్రాహ్మణులకు అది జంధ్యాల పున్నమి. కొంకణ తీరంలో చేపలు పట్టేవాళ్ళకు అది నారళీ పున్నమి, సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి పడవలు దింపే రోజు. పద్మశాలి ఇంట్లో దాని పేరు నూలు పున్నమి. ఒకటే చందమామ, ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే దాని పేరు పెట్టుకున్నారు.

మా చిన్నతనంలో ఆ ముందు రోజు సాయంత్రమే నాయన నాడె తీసి గూట్లో పెట్టేవాడు. తెల్లారి తలస్నానం చేసి, మగ్గం మీద పసుపు కుంకుమ పెట్టి, జంధ్యం మార్చుకునేవాడు. ఆ జంధ్యం ఆయన బజారులో కొనేవాడు కాదు. నాలుగు వేళ్ళు చాపి, వాటి చుట్టూ 96 చుట్లు దారం చుట్టి, దాన్నే మూడు పేటలు చేసి పురి ఎక్కించి, మళ్ళీ మూడు వరసలు చేసి ముడి వేసేవాడు. విప్పి లెక్కపెడితే తొమ్మిది దారాలు. చుట్టేటప్పుడు మాట్లాడేవాడు కాదు, లెక్క తప్పుతుందని. ఏడాది పొడుగునా ఎవరి ఒంటికోసమో నేసిన చేతులు, ఆ ఒక్క పూట తన ఒంటికోసం నూలు పట్టేవి. మిగిలిన పోగు మా పిల్లల మణికట్లకు కట్టేవాడు. సాయంత్రం దాకా మా వాడలో మగ్గం చప్పుడు వినపడేది కాదు. ఆ నిశ్శబ్దాన్నే మేం పండుగ అనుకునేవాళ్ళం.

ఆ నూలు వెనక ఒక కథ ఉంది. పదహారేళ్ళకే ఆయువు తీరిన మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకుని యముణ్ణి వెనక్కి పంపాడు. ఆయన వంశంలో పుట్టిన భావనాఋషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడు. ఈ కథను మాకు పుస్తకాలు చెప్పలేదు, మా పద్మశాలుల కథకులు కూనపులివాళ్ళు చెప్పారు. చేర్యాల చిత్రకారులు రాసిచ్చిన పొడుగాటి పటాన్ని గుంజలకు కట్టి, ఒక్కో గడి విప్పుతూ రాత్రుళ్ళు కథ నడిపేవాళ్ళు. సారు రాసిన "పటం కథ, మూడో రోజు" అంటే అదే. ఆ సెలవుకు తిథి లేదు. వాళ్ళు ఊళ్ళోకి ఎప్పుడొస్తే అప్పుడే. గౌడలకు, మాదిగలకు, ముదిరాజులకు ఎవరి కథ చెప్పేవాళ్ళు వాళ్ళకు వేరే ఉండేవాళ్ళు. అంటే ఒకే ఊళ్ళో ఒక్కో వాడ ఒక్కో రోజున ఆగేది. ఇలాంటి క్యాలెండరును ఏ అచ్చుకూటం వేయగలదు?

నూలు పున్నమి మనవాళ్ళతో పాటు వలస కూడా పోయింది. బతుకుతెరువు కోసం ఇక్కడినుంచి సోలాపూర్, భివండి, బొంబాయి పోయినవాళ్ళు మగ్గంతో పాటు ఆ రోజునూ మూట కట్టుకుపోయారు. సోలాపూర్‌లో ఇవాళ్టికీ ఆ పున్నమి నాడు మార్కండేయుడి రథం బయలుదేరుతుంది. తూర్పు భాగపు వీధులన్నీ తెలుగు మాటతో నిండిపోతాయి. ఇక్కడ వాడలో నిశ్శబ్దంగా జరిగేది అక్కడ నగరం మధ్య ఊరేగింపయింది. పరాయి చోట పండుగ పెద్దదవుతుంది, మనం ఉన్నామని చెప్పుకోవాలి కాబట్టి.

ఇక వారపు సెలవు. నిజాం కాలపు బడిలో చదివిన మా తాతల సెలవు శుక్రవారం. వాళ్ళ ఏళ్ళ లెక్క ఫస్లీ లెక్క, 1947 అక్టోబరులో వాళ్ళకు మొదలైంది 1357వ సంవత్సరం. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత శుక్రవారం పోయి ఆదివారం వచ్చింది. ఆ ఆదివారం కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అడిగితే 1890లో యజమానులు ఒప్పుకున్నారు. అది ఖండోబా వారం, మా దేవుడి వారం అని కూడా ఆయన వాదించాడు. తర్వాత ఈ జిల్లాల పిల్లలు దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. వాళ్ళతో శుక్రవారం మళ్ళీ మన ఇళ్ళలోకి వచ్చింది. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో అవ్వలకు ఇవాళ్టికీ శుక్రవారమంటే కొడుకు తీరుబడిగా ఫోన్ చేసే రోజు. తాత బడికి పోని వారం, మనుమడు సైటుకు పోని వారం ఒకటే అయింది. ఆ మనుమళ్ళ పేరున కూడా ఒక దినం ఉంది, డిసెంబరు 18. వలస కార్మికుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన తేదీ అది. ఆ రోజును ఎర్ర అంకెగా వేసిన క్యాలెండరు నేనైతే చూడలేదు.

చేతి మగ్గానికీ ఒక దినం వచ్చింది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైన గుర్తుగా, 2015 నుంచి ఆ తేదీని జాతీయ చేనేత దినోత్సవం అంటున్నాం. మంచిదే, మనస్ఫూర్తిగా చేసుకుందాం. కానీ సిరిసిల్లలో నడిచేవి ఎక్కువగా సాంచలు, అంటే కరెంటు మగ్గాలు. సాంచా ముందు పన్నెండు గంటలు నిలబడ్డవాడి కాళ్ళు ఆ దినంలో ఎక్కడా లేవు. పైగా సాంచా కార్మికుడికి కూలి మీటర్ల లెక్కన. సాంచా ఆగితే పండుగ కాదు, కూలి పోయినట్టు. 2012లో కరెంటు చాలక "పవర్ హాలిడే" అని ప్రకటించారు. సెలవు అన్న మాటను ఆకలికి పేరుగా పెట్టారు. మళ్ళీ 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు, నెలల తరబడి ఆ ఊరికి రాత్రి పగలు తేడా తెలియలేదు. మన ఆడబిడ్డల పండుగ అక్కడ పనిగా మారింది, ఆ పని అన్నమైంది.

ఆఖరి పెన్సిలు రాతకు వస్తాను. "అవ్వ చేతులు ఖాళీ."

మగ్గం ఆగినప్పుడు మగవాడి చెయ్యి ఆగేది. కండెలు చుట్టే చెయ్యి ఆగేది కాదు, మర్నాటికి కండెలు కావాలి కదా. ఆ తర్వాత బీడీల చాట ఒళ్ళోకి వచ్చింది. అదీ వెయ్యి బీడీల లెక్క. అమాస నాడూ తునికాకు కత్తిరించాల్సిందే. సారు అన్నేళ్ళ క్యాలెండర్లలో ఆ మాట రాసింది ఏటా ఒక్క కాలంలోనే. భాద్రపదంలో ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను పెట్టి ఆడి, నిద్రపుచ్చి ముగించాక వచ్చే అమాస, పెత్రమాస. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మను పేర్చే రోజు. గునుగుపూల కాడలు సమంగా కోసి, తంగేడుతో వరస కట్టి, మధ్యన గుమ్మడిపువ్వు నిలబెట్టే ఆ పొద్దు సారును కన్న అవ్వ ఒళ్ళో చాట ఉండదు. చేతినిండా పూలున్న రోజును ఆయన ఖాళీ అని రాశారు. ఎందుకో నాకు చాలా కాలం అర్థం కాలేదు. ఆమెను రోజూ దగ్గరగా చూసిన కొడుకు రాసిన మాట కాబట్టి అలా ఉంది.

సారు క్యాలెండర్లు 32 ఉన్నాయి. వాటిని ఈ బల్ల మీద పరిచి ఉంచాం, చేతులు శుభ్రంగా తుడుచుకుని తిరగేయండి. పక్కన గీతల రిజిస్టరు ఒకటి పెట్టాం. మీ ఇంట్లో ఏ పనిముట్టు ఏ రోజున ఆగేదో అందులో రాయండి. తేదీ తెలియకపోతే తిథి రాయండి. తిథి గుర్తులేకపోతే మక్కలు విరిచే ముందో, వరి కోసిన తర్వాతో, అలాగే రాయండి. రాయడం రాని అవ్వలు ఉంటే మా పిల్లలు రాసిపెడతారు. పెన్సిళ్ళు చెక్కి సిద్ధంగా ఉన్నాయి.