కలియు: ఒక క్రియ, నాలుగు విభక్తులు

ఈ పూట నేను ఒకే ఒక్క క్రియ గురించి మాట్లాడదలచుకున్నాను. అది ‘కలియు’.

పొద్దున లేచింది మొదలు మన నోట నానే క్రియ ఇది. మాట కలుపుతాం, చేయి కలుపుతాం, గొంతు కలుపుతాం, వియ్యం కలుపుకుంటాం. ఫోను కలవడం లేదంటాం, వ్యాపారం కలిసి రాలేదంటాం. బజారులో పాత మిత్రుడు ఎదురైతే కోస్తావారు ‘కలిశాడు’ అంటారు, తెలంగాణవారు ‘కలిసిండు’ అంటారు, సీమవారు ‘కలిసినాడు’ అంటారు. ప్రత్యయాలు మూడు, ధాతువు ఒకటే. దీని తోబుట్టువులు తమిళంలో ‘కల’గా, కన్నడంలో ‘కలె’గా ఉన్నాయి.

అయితే పోలికలు చూసి చుట్టరికం కలపకూడదు. చేలో తీసే ‘కలుపు’ ఈ ఇంటిది కాదు. దాన్ని తమిళంలో ‘కళై’ అంటారు, కన్నడంలో ‘కళె’ అంటారు. అక్కడ నిలిచిన ళకారం తెలుగులో లకారం కావడంతో రెండు మాటలూ ఒకే రూపానికి వచ్చాయి. ‘కలిసి ఉంటే కలదు సుఖం’ అన్న నానుడిలోనూ ‘కలిసి’ కలియు ధాతువుది, ‘కలదు’ కలుగు ధాతువుది. చెవికి ఒకటిగా వినిపించినా వ్యాకరణం రెండుగా చూస్తుంది.

ఈ క్రియ అర్థం తెలుసుకోవాలంటే దాని ముందున్న విభక్తిని చూడాలి. ‘ఆయనను కలిశాను’ అంటే వెళ్లాను, మాట్లాడాను, తిరిగి వచ్చాను. ‘ఆయనతో కలిశాను’ అంటే ఆయన ఎత్తుకున్న పనికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఇద్దరం ఇద్దరుగానే ఉన్నాం, పని మాత్రం ఒకటైంది. ‘లో’ చేరితే కథ మారుతుంది. ఊరు పక్కనున్న పట్నంలో కలిసింది అంటే ఇక ఆ ఊరికి విడిగా పంచాయతీ లేదు. మనిషి మట్టిలో కలిశాడు అంటే మనిషే లేడు. ఇక నాలుగోది ‘కు’. ‘నాకు కలిసొచ్చింది’ అన్నప్పుడు నేను ఎవరినీ కలవలేదు, ఎవరితోనూ కలవలేదు. కాలమే వచ్చి నాకు తోడైంది.

బడిలో మనం వల్లెవేసిన విభక్తుల పట్టిక గుర్తు చేసుకోండి. తోడన్, తోన్ తృతీయలో ఉన్నాయి. లోన్, లోపలన్ షష్ఠిలో, ‘యొక్క’ పక్కన ఉన్నాయి. ఆ ఏర్పాటుకు వ్యాకర్తల కారణాలు వారికున్నాయి. మన క్రియ విషయంలో మాత్రం అది సరిగ్గా అతికింది. దేనితో కలిస్తే దానికి తోడవుతాం, దేనిలో కలిస్తే దానికి చెందిపోతాం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉపనదులన్నింటిలోకీ పెద్దది అదే. అయినా అక్కడి నుంచి సముద్రం దాకా పేరు గోదావరిదే.

ఈ తేడా పండితులకే తెలిసిందని అనుకోవద్దు. ఆవకాయ పెట్టే ఇల్లాలిని అడగండి. ఆవపిండి, కారం, ఉప్పు కలుపుతుంది. మామిడి ముక్కలను నూనెలో ముంచి, ఆ పిండిలో పొర్లించి జాడీకెత్తుతుంది. మూడోనాడు జాడీ దించి, అడుగుది పైకి వచ్చేలా తిరగకలుపుతుంది. అప్పటికి ఊట ఊరి ఉంటుంది. ఉప్పు చూసి, చాలకపోతే వేసి, పైన నూనె తేలేలా పోస్తుంది. ఉప్పు ఊటలో కలిసిపోయింది, ఇక వెతికినా దొరకదు. ముక్క పిండితో కలిసింది, టెంకతో సహా ముక్కగానే ఉంది. ‘లో’ కలయిక, ‘తో’ కలయిక రెండూ ఒకే జాడీలో ఉన్నాయి.

మన భాషా విధానానికి కావలసిన వివేకం ఇదేనని నా నమ్మకం. శ్రీకాకుళం యాస, నల్లగొండ యాస, అనంతపురం యాస పత్రికల తెలుగుతో కలవాలి. అందులో కలిసిపోకూడదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. గోండి, కోయ, కొలామీ, కువి, సవర మాట్లాడే పిల్లలు మన తెలుగు బడులకు వస్తున్నారు. వీటిలో సవర ముండా కుటుంబపు భాష, మిగిలినవి తెలుగుకు సోదర ద్రావిడ భాషలు. ఆ పిల్లల చేత మనం తెలుగు చదివిస్తున్నాం, అది అవసరం కూడా. కానీ ఇంటి మాట బడి గుమ్మం బయట వదిలి రమ్మంటే వాళ్లను తెలుగులో కలుపుకుంటున్నట్టు. ఇంటి మాటతో సహా రమ్మంటే తెలుగుతో కలుపుకుంటున్నట్టు. మొదటి దారిలో ఒక తరం గడిచేసరికి ఒక భాష పోతుంది. ఆ నష్టం మనదీ అవుతుంది. తెలుగు ధాతువుల పాత రూపాలను తేల్చడానికి సాక్ష్యమిచ్చేవి ఆ సోదర భాషలే కదా.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషితో మాండలిక వృత్తి పదకోశాలు మొదలయ్యాయి. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. రైతు నోటి మాటను, నేతగాడి నోటి మాటను వారి దగ్గరకే వెళ్లి ఏరుకొచ్చిన పని అది. నామవాచకాలకు జరిగిన ఆ సేవ క్రియలకు కూడా జరగాలి. ఏ నిఘంటువు తెరిచినా క్రియకు అర్థం దొరుకుతుంది. ఏ విభక్తి చేరితే అర్థం ఎటు తిరుగుతుందో మాత్రం చదివేవారే ఉదాహరణల నుంచి ఊహించుకోవాలి.

అందుకని ఇక్కడున్న యువ పరిశోధకులకు నా విన్నపం ఇది. ఒక్కొక్కరు ఒక్కొక్క క్రియను తీసుకోండి. కలియు, పట్టు, పెట్టు, పడు, ఏదైనా సరే. మీ ఊళ్లో, మీ ఇంట్లో అది ఏ విభక్తితో ఎలా పలుకుతున్నారో విన్నది విన్నట్టు రాయండి. చెప్పినవారి ఊరు, వృత్తి, వయసు పక్కన గుర్తు పెట్టండి. మీ జిల్లాలో గోండి, సవర మాట్లాడేవారుంటే వారి మాటనూ వారి చేతనే చెప్పించి రాయండి. వచ్చే సదస్సుకు ఆ కాగితాలతో రండి. అందరి క్రియలూ ఒకచోట చేర్చి కోశం మొదలుపెడదాం.