వాహకము, బంధకము: బడి పాఠము ఇంటికి చేరవలెను

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, బడి అవసరములను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు వాడుక. ఈ యేడు పై తరగతులలోని ఒక్క పాఠమును గూర్చి మాత్రమే మీతో మాటాడదలచితిని. విద్యుత్తును పోనిచ్చు వస్తువులు, పోనీయని వస్తువులు: ఇదియే ఆ పాఠము. మొదటివానిని వాహకములనియు, రెండవవానిని బంధకములనియు మన పుస్తకములు చెప్పుచున్నవి. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. ఇంత చిన్న పాఠమునకు పెద్దల సభ యేల యని మీకు తోపవచ్చును. ఈ పాఠమును పిల్లవాడు అరకొరగా నేర్చుకొన్నచో పోవునవి రెండు మార్కులే కావు. అందుచేతనే మీ యెదుట దీనిని ఎత్తుకొన్నాను.

మన కోలారు సీమకు విద్యుత్తు నిన్నమొన్న వచ్చినది కాదు. 1902వ సంవత్సరమున కావేరిపై శివనసముద్రమున పుట్టించిన విద్యుత్తును సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలపై నడిపించి కోలారు బంగారు గనులకు చేర్చిరి. బెంగుళూరు నగరమున విద్యుద్దీపములు వెలిగినది అటు తరువాత, 1905లో. గనులు 2001లో మూతపడినవి గాని, తీగలు మాత్రము నేడు మన ప్రతి పల్లెకును, ప్రతి బోరుబావికిని వచ్చినవి. ఆ తీగలలోని లోహము విద్యుత్తును మోయుచున్నది. స్తంభముపై తీగను పట్టుకొనియున్న పింగాణీ గిన్నె దానిని నేలలోనికి జారిపోనీయక ఆపుచున్నది. మోయునది యొకటి, ఆపునది యొకటి. రెండును ఉన్నప్పుడే మన ఇంట దీపము వెలుగును.

ఈ భేదమును లోకము తెలిసికొన్న విధమును చెప్పినచో పిల్లలు మిక్కిలి యిష్టముగా విందురు. ఇంగ్లండు దేశమున స్టీఫెన్ గ్రే యను నతడుండెను. బట్టలకు రంగులు వేయు వృత్తిలో జీవించినవాడు. 1729లో అతడు గాజుగొట్టమును రుద్ది, అందు పుట్టిన విద్యుత్తు ఎంత దూరము పోవునో పరీక్షింపసాగెను. మిత్రుడైన గ్రాన్‌విల్ వీలర్ యింట, మూటలు కట్టెడి మామూలు పురికొసను పట్టుదారములపై ఆనించి పొడవుగా సాగదీసిరి. ఒక కొన గాజుగొట్టమునకు, రెండవ కొన దంతపు బంతికి కట్టిరి. గొట్టమును రుద్దగానే అల్లంత దూరమున నున్న బంతి సన్నని ఇత్తడి రేకు ముక్కలను తనవైపు లాగుకొనెను. పిదప బరువునకు పట్టుదారము తెగిపోగా, దానికి బదులు సన్నని ఇత్తడి తీగను కట్టి చూచిరి. ఈసారి బంతిలో చలనమే లేదు. విద్యుత్తంతయు ఇత్తడి తీగ గుండా తప్పించుకొని పోయినది. ఆధారము సన్నముగా నుండుట ముఖ్యము కాదనియు, అది దేనితో చేయబడినది అనునదే ముఖ్యమనియు వారికి అప్పుడు తెలిసినది. ఈ కథలోని పురికొసను మీరు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు మరల పని కలదు.

ఇక మన తరగతిలో జరుగునది చెప్పెదను. బల్లపై రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, కొన్ని తీగ ముక్కలు ఉండును. తీగల నడుమ ఒకచోట ఖాళీ విడిచెదము. పిల్లలు ఇంటినుండి తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా ఆ ఖాళీలో పెట్టెదరు. పెట్టుటకు ముందే, బల్బు వెలుగునా వెలుగదా యని తమ ఊహను పలకపై వ్రాయవలెను. ఇనుప మేకు, ఉక్కు చెంచా, రూపాయి నాణెము, ఇత్తడి తాళపుచెవి: వెలుగును. గాజు, రబ్బరు చెప్పు, ఎండిన చింతపుల్ల, ప్లాస్టిక్ దువ్వెన: వెలుగదు. రంగు పూసిన మేకు వెలిగింపదు. కొననున్న రంగును గీకి పెట్టగానే బల్బు వెలుగును. ఆపినది ఇనుము కాదు, రంగు అని పిల్లలు తామే చెప్పెదరు. పెన్సిలు చెక్క విద్యుత్తును ఆపును. దాని నడిమి నల్లని పుల్ల గ్రాఫైటు. అది లోహము కాకున్నను విద్యుత్తును పోనిచ్చును.

అనేక బడులలో పాఠము ఇక్కడితో ముగియును. నల్లబల్లపై రెండు వరుసలు, ఎడమవైపు వాహకములు, కుడివైపు బంధకములు. పిల్లలు వల్లించెదరు, మార్కులు వచ్చును. అయితే ప్రతి తరగతిలోను ఒక చురుకైన పిల్లవాడు ఉండును. వాడు ఎవరును చెప్పకుండగనే ఆ రెండు తీగ కొనలను తన వ్రేళ్లతో పట్టుకొనును. బల్బు వెలుగదు. "సార్, నేను బంధకమును!" అని సంతోషముగా కేక వేయును. తల్లులారా, తండ్రులారా, ఈ మాటను వానిలో ఆ విధముగా నిలిచిపోనిచ్చి ఇంటికి పంపుటకంటె, ఆ పాఠము చెప్పకుండుటయే మేలు.

అందుచేత మేము అక్కడ ఆగుట లేదు. ఒక పురికొస ముక్కను ఉప్పునీట తడిపి అదే ఖాళీలో పెట్టెదము. బల్బు వెలుగదు. బంధకమే యని అందరు వ్రాసెదరు. అప్పుడు బల్బును తీసి, ఎల్.ఇ.డి. అను చిన్న దీపమును అమర్చి, మూడవ సెల్లును చేర్చెదము. ఆ దీపము చెడిపోకుండ దానికి తోడుగా ఒక నిరోధకమును కలిపెదము. గది తలుపులు మూసి చూచినచో, తడి పురికొస గుండా ఆ దీపము మినుకుమినుకుమని వెలుగును. గ్రే మహాశయుని పురికొస విద్యుత్తును మోసినదన్న సంగతి అప్పుడు పిల్లలకు జ్ఞప్తికి వచ్చును. మరి మన బల్బు వెలుగలేదేమి? ఆ బల్బునకు సుమారు 0.3 ఆంపియరు ప్రవాహము కావలెను. అంతకు ఎంతో తక్కువ ప్రవాహము తనలో పోవుచున్నను అది మనకు ఏమియు తెలుపజాలదు. ఎల్.ఇ.డి. దీపమునకు అందులో అతి స్వల్ప భాగము చాలును.

కాబట్టి బల్బు వెలుగలేదనుటకు, ఈ కొద్ది సెల్లుల బలముతో ఈ బల్బునకు చాలినంత ప్రవాహము పోలేదని మాత్రమే అర్థము. వస్తువులు రెండు కులములుగా పుట్టలేదు. ఒకటి ఎక్కువగా పోనిచ్చును, ఒకటి తక్కువగా పోనిచ్చును. తడిసినచో ఒక విధము, ఎండినచో మరియొక విధము. "ఇది ఏమి?" అను ప్రశ్నతోపాటు "ఎట్టి స్థితిలో? ఎంత బలమునకు?" అని అడుగుట పిల్లవానికి అలవాటు కావలెను.

పెద్ద తరగతుల పిల్లల చేత ఒక చిన్న లెక్క చేయింతుము. దానిని మీరును చేసి చూడుడు. ఇంటి విద్యుత్తు బలము 230 వోల్టులు. పొడి చర్మము విద్యుత్తును చాల వరకు అడ్డగించును గాని, తడిసిన శరీరపు నిరోధము సుమారు వెయ్యి ఓములకు దిగిపోవచ్చును. 230ని 1000 చేత భాగించినచో వచ్చునది 0.23 ఆంపియరు. మన టార్చి బల్బునకు కావలసినదానికంటె ఇది తక్కువ. అయినను గుండె లయ తప్పుటకు 0.1 ఆంపియరైనను చాలవచ్చును. రెండు సెల్లుల యెదుట బంధకమని మురిసిన ఆ పిల్లవాడే, తడి చేతితో గోడమీది స్విచ్చిని తాకునప్పుడు వాహకమగుచున్నాడు. అందువలన మా ప్రయోగములన్నియు టార్చి సెల్లులతోనే. గోడలోని విద్యుత్తుతో ఎవ్వరును, ఎన్నడును ప్రయోగము చేయరాదను నియమమును మొదటి దినముననే చెప్పెదము. ఇంటివద్ద దానిని నిలుపవలసినవారు మీరు.

ఇప్పుడు మన యిండ్లను ఒకమారు చూతము. బట్టలారవేయు దండెమునకు ఇనుప తీగ కట్టుచున్నాము; ఒక కొనను విద్యుత్ స్తంభమునకో, తీగలు ప్రాకిన రేకుల చూరునకో చుట్టుచున్నాము. వానకాలమున తడి బట్ట, తడి చేయి, తడి నేల. ఎక్కడనో ఒకచోట తీగపై తొడుగు ఒరిసిపోయినచో చాలును. దండెమునకు నైలాను త్రాడు కట్టుడు. స్తంభము జోలికి పోకుడు. ప్లగ్గు లేకుండ వట్టి తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో దోపుట మన వాడుకలో నున్నది, అది మానవలెను. మూడు కాళ్ల ప్లగ్గులో లావుపాటి కాలు, లోపమేర్పడినప్పుడు విద్యుత్తును నేలకు చేర్చుటకై పెట్టినది, దానిని విరిచివేయరాదు. తెగిన తొడుగుపై గుడ్డపీలిక చుట్టుట రక్షణ కాదు. తడిసిన గుడ్డ ఏమగునో తడి పురికొస మీకు చెప్పినది. బోరు మోటారు వద్ద ఇనుప స్టార్టరు పెట్టెను తడి కాళ్లతో, వట్టి పాదములతో తాకరాదు. 30 మిల్లీయాంపియర్ల తేడా కనబడగానే విద్యుత్తును ఆపివేయు రక్షక స్విచ్చి అంగళ్లలో దొరకును. శక్తి కొలది ఇంట పెట్టించుకొనుడు.

ఎవరికైన ఇంట విద్యుత్తు తగిలినప్పుడు వారిని చేతితో లాగరాదు. మొదట మెయిను స్విచ్చిని ఆపవలెను. అది అందనిచో, పొడి చోట నిలిచి, బాగుగా ఎండిన కర్రతో తీగను తొలగింపవలెను. వీథిలో తెగిపడిన తీగ విషయమున కర్రను కూడ నమ్మరాదు; దూరముగా నిలిచి, ఇతరులను దరికి రానీయక, 1912 సంఖ్యకు ఫోను చేయవలెను.

కడపట ఒక మాట. ఇట్టి పాఠములను ఇంగ్లీషులోనే చెప్పినచో ముందుముందు మేలు కదా యని కొందరు నన్ను అడుగుచుందురు. ఇంగ్లీషు పేర్లను కూడ మేము నేర్పుచునే యున్నాము. పొరుగు కన్నడ బడి పిల్లవాడు సైతము వాహక, అవాహక అనియే చదువుచున్నాడు. అవి మనకు దగ్గర మాటలే. వాహనము మనలను మోయునట్లు వాహకము విద్యుత్తును మోయునని చెప్పగానే మన పిల్లవానికి తెలియును. అంతకు మించిన లాభము మరియొకటి కలదు. తడి బట్ట చేతబట్టుకొని ఇనుప దండెము వద్దకు పోవుచున్న అవ్వను వాడు ఆపి, కారణమును ఆమె భాషలో ఆమెకు చెప్పగలడు. పరీక్ష కాగితముపై ఆగిపోయిన చదువు ఆ అవ్వను చేరదు.

కనుక నా మనవి యొక్కటే. ఈ వారమున మీ పిల్లవాడు దండెమును గూర్చియో, ప్లగ్గును గూర్చియో ఏదైన చెప్పినచో, "పెద్దలకు చెప్పవచ్చితివా?" అని కసరకుడు. "ఎందుచేత?" అని అడుగుడు. వాడు చెప్పిన కారణము సరియైనచో ఆ దినముననే దండెమును మార్చుడు. కారణము చెప్పలేకపోయినచో వానిని మరల నా వద్దకు పంపుడు; పాఠమును మరల మొదటినుండి చెప్పెదము.

సెలవు.