సంచి ధర కాదు, సారం ధర చూడండి



తొలకరి పడగానే కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలలో డి.ఎ.పి. కోసం పరుగులు మొదలవుతవి. అది దొరికితేనే విత్తుతానని కూర్చుంటే పదును పోతుంది. అందుకని ఒక చిన్న లెక్క నేర్చుకుందాము.

పైరు సంచి మీది పేరు చదవదు. అందులోని పోషకాన్నే తీసుకుంటుంది. 50 కిలోల డి.ఎ.పి. సంచిలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు ఉంటవి. ఈ బలం మరొక దారిన కూడా వస్తుంది. మన రామగుండం కొత్త కర్మాగారంలో 2021 నుంచి తయారవుతున్న యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. కనుక 20 కిలోల యూరియా చాలు. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 50 కిలోల సంచిలో భాస్వరం 8 కిలోలు. కనుక మూడు సంచులకు కొంచెం తక్కువ కావాలి.

ఇక ధర చూడండి. 2022లో డి.ఎ.పి. సంచి 1,350 రూపాయలు అయింది. 45 కిలోల యూరియా సంచి 266 రూపాయల 50 పైసల చొప్పున 20 కిలోలకు సుమారు 118 రూపాయలు. తీసివేస్తే భాస్వరానికి మిగిలేది 1,232 రూపాయలు. అంటే సూపరు సంచి, కిరాయితో కలిపి, సుమారు 428 రూపాయలకు లోపు పడితే సూపరే లాభం. అంతకు మించితే డి.ఎ.పి. మేలు. సరిగ్గా అంతే అయితే ఏది కొన్నా, ఎట్లా కలిపి కొన్నా ఒకటే. తేడా ఉన్నప్పుడు మాత్రం సగమిది, సగమది కొనడం వృథా ఖర్చు. ధరలు మారితే మీ దుకాణం ధరలతో ఇదే లెక్క వేసుకోండి.

సూపరులో నూటికి 11 పాళ్ళు గంధకం అదనంగా ఉన్నది. సోయా, నువ్వు, పల్లి వేసేవారు దానికి కూడా కొంత విలువ కట్టవచ్చు. అయితే యూరియా, సూపరు కలిపి నిలవ ఉంచకండి, చెమ్మగిల్లి ముద్దవుతవి. చల్లేనాడే కలపండి.

ఒక్క హెచ్చరిక. భాస్వరానికి బదులు భాస్వరమే. డి.ఎ.పి. దొరకలేదని యూరియా రెట్టింపు చల్లితే ఆ లోటు తీరదు. బండికి ఒక చక్రం లేకుంటే రెండోది ఎంత గట్టిదైతేనేమి?

దుకాణానికి పోయేముందు భూసార పరీక్ష కాగితం చూడండి. ఎన్ని కిలోల నత్రజని, ఎన్ని కిలోల భాస్వరం కావాలో రాసుకొని పొండి. సంచి పేరు అడగడం తరువాత సంగతి.