బిందె ఎత్తిన చేయి

మన ఉయ్యూరు నుంచి కృష్ణ దాటి చీరాల వైపు వెళితే కారంచేడు వస్తుంది. 1985 జులైలో అక్కడ మాదిగపల్లె మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్న కుర్రాణ్ణి అగ్రకులస్థులు కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. దాంతో కక్షగట్టి వాళ్లు 17న చేసిన దాడిలో ఆరుగురు మాదిగలు ప్రాణాలు కోల్పోయారు.

ఊరొదిలిన కుటుంబాలు చీరాలలో తలదాచుకున్నాయి. అక్కడే విజయనగర్ కాలనీ వెలిసింది. ఇలాంటి దాడులను అరికట్టడానికి 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద వచ్చిన 1995 నియమాలు పరిహారాన్ని, పునరావాసాన్ని బాధితుల హక్కుగా చేశాయి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు మాత్రం 2008లో, 23 ఏళ్లకు వచ్చింది.

పరిహారానికి మరో దేశపు ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిర్బంధించిన జపాన్ సంతతివారికి అమెరికా 1988లో డబ్బు ప్రకటించడంతోపాటు క్షమాపణ కూడా చెప్పింది. మనకూ చెక్కు ఒక్కటే చాలదు. ఇల్లు, భూమి, చదువు, సకాలంలో న్యాయం కావాలి. తప్పు జరిగిందని ఊరు ఒప్పుకోవాలి. అప్పుడే తాతల భయం మనవళ్లను వదులుతుంది.