గర్వమును గుర్తించుట



గర్వము పాపినే కాదు, సేవకుని కూడ ఆవరించును. సదుము ప్రాంతమువారెరిగిన ఆరోగ్యవరమును చూడుడు. మదనపల్లె చెంత 1915లో క్రైస్తవ మిషనులు అచట క్షయ శానిటోరియమును తెరచినవి. డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. ఆనాడు క్షయను నయముచేయు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, ఆదరణ, ఇవియే చికిత్స. ఎంతటి వైద్యుడైనను రోగి మంచముచెంత తన అశక్తతను ఒప్పుకొనవలసివచ్చెను.

పిదప మందులు వచ్చినవి. ఇంటనుండి మందులు వాడినను శానిటోరియములో వలెనే నయమగునని 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన తేల్చినది. ఇట్టి వార్త వినినప్పుడే హృదయము బయలుపడును. రోగి మేలు కోరినవాడు సంతోషించును. తన పేరు కోరినవాడు చిన్నబుచ్చుకొనును.

క్రీస్తు శిష్యుల పాదములు కడిగెను. సేవకై వంగుట వినయము. తన అవసరము తీరినప్పుడు సంతోషముతో తొలగుటయు వినయమే.