జలపాతానికి ఎప్పుడు వెళ్దాం?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, అరకు వైపు తరచూ తిరుగుతుంటారు కదా, సరదాగా నాలుగు మాటలు చెప్పండి అన్నారు. చెప్తాను. దాంతోపాటు ఒక అభ్యంతరం కూడా చెప్పుకోవాలి. స్వర్ణోత్సవ కానుకగా తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని సంఘం ఖర్చుతో అరకు తీసుకెళ్దామని కమిటీ అనుకుంటోంది. మంచి ఆలోచన. నా వంతు చందా ఇచ్చేశాను కూడా. అయితే కార్యక్రమం కాగితం చూశాను. ఆగస్టు రెండో శనివారం, ఒకే రోజు, బస్సులో. బొర్రా గుహలు, కటికి జలపాతం, తాడిగుడ జలపాతం, చాపరాయి, గిరిజన మ్యూజియం. నెల మార్చాలని, జాబితా తగ్గించాలని నా మనవి.

ఆగస్టు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. అప్పుడు జలపాతాలు నిండుగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. ముప్పై ఏళ్ళుగా నీళ్ళ లెక్కలు వేసే ఉద్యోగం చేశాను కాబట్టి ఒక చిన్న లెక్క చెప్తాను, లెక్కల మాస్టారు తప్పుంటే దిద్దుతారు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎన్ని నీళ్ళు? కోటి లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి. జలపాతం కింద మనం నిలబడిన చోట ఎండ కాస్తూ ఉండొచ్చు. పైన, కొండ వెనక, మనకి కనిపించని చోట ఆ సెంటీమీటరు వాన పడి ఉండొచ్చు. జూన్ నుంచి తడుస్తున్న నేల ఆగస్టుకి పీల్చుకునేది తక్కువ. వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు గంటలోపే కిందికి వచ్చేస్తుంది. గెడ్డ పొంగింది అంటారే, అది ఇదే. నీటి వేగం రెట్టింపయితే మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీటిలో నిలబడ్డ పదో తరగతి పిల్లాడికి ఈ సూత్రం తెలిసే ఉంటుంది, పరీక్షలో రాస్తాడు కూడా. నీటిలో నిలబడ్డప్పుడు మాత్రం గుర్తు రాదు.

ఏజెన్సీ ఊళ్ళవాళ్ళకి దీని గుర్తులు తెలుసు. నీటిలో ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం మొదలయినా, తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, చప్పుడు బరువెక్కినా ఒడ్డుకి వచ్చేస్తారు. వాళ్ళు వచ్చేశారంటే మనమూ వచ్చేయాలి. చాపరాయి సంగతి వేరు. అక్కడ నీరు దూకదు, విశాలమైన రాతి మీద పలచగా జారుతుంది. చూస్తే పిల్లల ఆటస్థలంలా ఉంటుంది. అందుకే నాకు జలపాతం కంటే చాపరాయంటేనే ఎక్కువ భయం. రాయంతా పాకుడు. కాలు జారితే కింద ఎంత లోతు గుంట ఉందో పైనుంచి తెలీదు. బస్సుకి ఇద్దరు టీచర్లు యాభై మంది పిల్లల్ని అక్కడ కాయలేరు. తల్లిదండ్రుల దగ్గర అంగీకార పత్రాలు తీసుకునేది కమిటీ కాదు, క్లాస్ టీచరు. అది మనం గుర్తు పెట్టుకోవాలి.

మరి ఎప్పుడు వెళ్ళాలి? అక్టోబరు కూడా వద్దంటాను. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న, మనలో ఆ రోజు మరిచిపోయినవాళ్ళు ఉండరు. డిసెంబరు మొదటి వారాలు బాగుంటాయి. అప్పటికి నీళ్ళుంటాయా అని అడుగుతారు. ఉంటాయి. ఈ ప్రశ్న మన సోషల్ మాస్టారు తూర్పు కనుమలు పాఠంలో మమ్మల్నే అడిగారు: వాన ఆగిపోయాక ఏట్లో నీరు ఎక్కడిదిరా అని. ఎవరం చెప్పలేదు. జవాబు నాకు ఉద్యోగంలో చేరాక దొరికింది. ఆ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే రాయి, అక్కడి ఖోండు జాతి పేరు మీదే దానికా పేరు. అది పైపైన మెత్తబడి, చివికి, ఎర్రమట్టిగా మారుతుంది. అడవి వేళ్ళు ఆ మట్టిని పట్టి ఉంచితే వాననీరు అందులోకి దిగి, నెలల తరబడి ఊటగా బయటికి వస్తుంది. ఆగస్టులో దూకేది ఎక్కువగా ఆకాశం నీరు, డిసెంబరులో దూకేది అడవి దాచిన నీరు. కాఫీ తోటల్లో పెద్ద చెట్ల నీడ ఎందుకుంచుతారో, వాటికి మిరియాల తీగలు ఎందుకు పాకిస్తారో అప్పుడు పిల్లలకి చూపిస్తే పాఠం అక్కర్లేదు.

బస్సు కూడా వద్దు. రానూపోనూ సుమారు 230 కిలోమీటర్లు, అందులో ఘాట్ మలుపులు. సగం మంది పిల్లలు కవర్లు పట్టుకుని కూర్చుంటారు. పొద్దున కిరండూల్ రైలు ఎక్కిద్దాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. మా వృత్తివాళ్ళు ఆ కొండలో ఎన్ని సొరంగాలు తవ్వారో పిల్లలచేత లెక్కపెట్టిద్దాం. శృంగవరపుకోట దాటి, బొడ్డవర, త్యాడ, చిమిడిపల్లి మీదుగా ఎక్కుతూ బొర్రా గుహలు స్టేషన్‌లో దిగేద్దాం. ఇంకా పైకి వెళ్తే 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ వస్తుంది, ఒకప్పుడు దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్టేషను. అది చూడలేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

బొర్రాలో దిగాక గుహలు, ఆ తర్వాత కటికి. రెండే. గుహల నుంచి కటికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. జీపులు కొంతదూరం తీసుకెళ్తాయి, ఆ పైన నడకే. జీపు ఎక్కొద్దు, మొత్తం నడుద్దాం. మా బ్యాచ్ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, కాబట్టి వెనక ఒక జీపు ఖాళీగా రానిద్దాం. నడిచే దారిలోనే అసలు విషయముంది. గుహలని తొలిచింది గోస్తని. కటికిలో దూకేదీ ఆ గోస్తని నీరే. అది దిగువకి వచ్చి తాటిపూడి రిజర్వాయరులో ఆగుతుంది, అక్కడి నుంచి పైపుల్లో విశాఖలో కొన్ని పేటలకి వస్తుంది, మిగిలినది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే మనలో కొంతమందిమి చిన్నప్పటి నుంచీ తాగింది కటికి నీళ్ళే. కటికి కింద సబ్బుతో స్నానం చేసేవాళ్ళని, బిర్యానీ ప్లేట్లు గెడ్డలో వదిలేసేవాళ్ళని చూసినప్పుడు నాకు వచ్చే కోపం కొంత స్వార్థమే. మనకంటే ముందు ఆ నీళ్ళు వాడుకునే ఊళ్ళు దారి పొడవునా ఉన్నాయి. వాళ్ళ కోపం ఎవరూ అడగలేదు.

భోజనం అక్కడి వాళ్ళ దగ్గరే కొందాం. వెదురు బొంగులో చికెన్ పిల్లలకి ఎలాగూ కావాలి, శాకాహారుల సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఆ ఊరి కుర్రాళ్ళని పదిమందికి ఒకరి చొప్పున కూలి ఇచ్చి తోడు పెట్టుకుందాం. మన వాలంటీర్ల కంటే వాళ్ళ మాటే చివరి మాట. నీళ్ళలోకి దిగడం లేదని బయల్దేరే ముందే పిల్లలకి చెప్పేయాలి, అక్కడికి వెళ్ళాక చెప్తే వినరు. మనమూ వినేవాళ్ళం కాదు. లోయలో ఫోను సిగ్నలు ఆశించకూడదు కాబట్టి పేర్ల జాబితా కాగితం మీద ఉండాలి. చీకటి పడే లోపల అందరూ స్టేషన్‌లో ఉండాలి.

పెద్దవాళ్ళం విడిగా వెళ్దామంటే పాడేరు దగ్గర వంజంగి కొండ ఉంది. చలికాలం తెల్లవారుజామున చీకట్లో ఎక్కితే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. ముంచింగిపుట్టు అవతల ఒడిశా సరిహద్దులో డుడుమ ఉంది, దాదాపు 175 మీటర్లు. అయితే మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, నీటిని జలపాతానికి పైనే మళ్ళిస్తారు. కాబట్టి అక్కడ ఎంత నీరు దూకుతుందనేది వాన ఒక్కటే చెప్పదు. ఇంజనీరుగా దాన్ని చూసి గర్వపడాలో, జలపాతం చూడ్డానికి వచ్చినవాడిగా నిట్టూర్చాలో నాకిప్పటికీ తేలలేదు.

కమిటీ సమావేశం వచ్చే ఆదివారం పది గంటలకి, పాత సైన్సు ల్యాబులో. నెల మార్చడానికి ఒప్పుకునే టీచర్లు ఒక్క మాట కార్యదర్శి గారితో ఈ రోజే చెప్పండి. డిసెంబరుకి రైలు టికెట్లు తీయడం, ఆ ఊరికి ముందుగా ఒకసారి వెళ్ళి మాట్లాడి రావడం నా పని. నాతో రావడానికి ఇద్దరు కావాలి, వెనక బెంచీ వాళ్ళయినా పరవాలేదు.