జెండా లేని ఊరేగింపు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా మాట్లాడండి, పెన్షన్ సంగతి మాత్రం వద్దు, దానికి వేరే వక్తలున్నారు" అన్నారు కార్యదర్శిగారు. అందుచేత ఒక బొమ్మ గురించి మాట్లాడతాను. వేదిక పక్కన గోడకు తగిలించిన ప్రతిని లోపలికి వస్తూ మీరు చూసే ఉంటారు. "ఇదేదో సమ్మె బొమ్మలా ఉందే" అన్నారొక మిత్రులు. ఆయన ఊహ సరైనదే. ఇటలీ చిత్రకారుడు జుసెప్పె పెలిజ్జా 1901లో పూర్తిచేసిన తైలవర్ణ చిత్రమది. పేరు 'ఇల్ క్వార్తో స్తాతో', అంటే 'నాలుగో వర్గం'.

మన పత్రికలవారు తమను ఫోర్త్ ఎస్టేట్ అని చెప్పుకుంటారు గదా, ఇది ఆ అర్థంలో కాదు. పూర్వపు ఫ్రాన్సు దేశంలో మతాధికారులది మొదటి వర్గం, ప్రభువులది రెండోది, మిగిలిన జనమంతా మూడోది. 1789 విప్లవంతో ఆ మూడో వర్గం పైకి వచ్చిందన్నారు. వచ్చినవారిలో డబ్బున్నవారే ఎక్కువ. కూలివాడు ఉన్నచోటే ఉన్నాడు. ఆ మిగిలిపోయినవాడిదే నాలుగో వర్గం.

పెలిజ్జా 1868లో ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, వోల్పేదో అనే పల్లెలో పుట్టాడు. తండ్రికి కొద్దిపాటి భూమి, ద్రాక్షతోట ఉండేవి. మిలాన్, రోము, ఫ్లారెన్సు, బెర్గామో నగరాల్లో చిత్రకళ నేర్చుకున్నాడు. చదువయ్యాక నగరంలో స్థిరపడక, మళ్ళీ తన పల్లెకే వచ్చి అక్కడే చిత్రశాల ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ఊరి రైతుకూలీలు నడుపుకునే పరస్పర సహాయ సంఘంలో సభ్యుడుగా చేరాడు. అంటే ఒక విధంగా ఆయన కూడా మనలాంటి సంఘం మనిషే!

ఈ బొమ్మ ఒక్కనాటిది కాదు. మనం నోటు రాసి, డ్రాఫ్టు పెట్టి, అది దిద్దబడి వచ్చాక ఫెయిర్ కాపీ తీసేవాళ్ళం. ఆయన పని కూడా అలాగే సాగింది. 1890ల మొదట్లో 'ఆకలి రాయబారులు' అనే పేరుతో మొదటి చిత్తు గీశాడు. కూలీల ప్రతినిధులు తమ ఊరి చౌకులో ప్రభువుగారి భవనం వైపు వస్తున్నట్టు ఊహ. అది చాలదనిపించి 1895-96లో 'ఫియుమానా', అంటే 'వరద', అనే పెద్ద చిత్రం మొదలుపెట్టాడు. అందులో జనం పెరిగారు, ముందువరుసలోకి ఒక స్త్రీ వచ్చింది. అదీ తృప్తినివ్వక పక్కన పెట్టేశాడు.

ఇంతలో 1898 మే నెలలో మిలాన్ నగరంలో రొట్టె ధర భరించలేక జనం వీధుల్లోకి వచ్చారు. జనరల్ బావా బెక్కారిస్ వారిమీద ఫిరంగులు పేల్చించాడు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ప్రకారమే 80 మంది చనిపోయారు. ఆ జనరల్‌కు రాజుగారు పతకం ఇచ్చారు! ఆ సంవత్సరమే పెలిజ్జా మూడోసారి పని మొదలుపెట్టి, మూడేళ్ళపాటు చేశాడు.

ఇక బొమ్మలోకి వద్దాం. మన ముందున్న ప్రతి గజం వెడల్పు కూడా లేదు గానీ, అసలు చిత్రం వెడల్పు 5.45 మీటర్లు, ఎత్తు 2.93 మీటర్లు. అంటే సుమారు 18 అడుగులు, తొమ్మిదిన్నర అడుగులు. ముందున్నవారు నిలువెత్తు మనుషులు. దాని ఎదుట నిలబడితే వాళ్ళు మనమీదికే నడిచి వస్తున్నట్టుంటుంది.

మొదట చేతులు చూడండి. ఒక్కటైనా బిగించిన పిడికిలిగా పైకి లేవలేదు. కర్ర లేదు, కొడవలి లేదు, జెండా అసలే లేదు. నడుమనున్న మనిషి కోటు భుజాన వేసుకుని, ఒక చెయ్యి నడుం దగ్గర దోపుకుని, పొలం నుంచి ఇంటికి వస్తున్నంత నింపాదిగా నడుస్తున్నాడు. వెనుక ఒకడు ఎండకు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కొందరు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. కోపం లేదని కాదు, కంగారు లేదు. ఎక్కడికి వెళ్ళాలో తెలిసినవాళ్ళ నడక అది.

తరవాత వెలుతురు. వెనుక చెట్ల చీకటి, పైన మసకబారిన ఆకాశం, ముందు నేలమీద ఎండ. మనుషులు నీడలోంచి వెలుగులోకి వస్తున్నారు. ఈ వెలుతురు కోసం ఆయన డివిజనిజం అనే పద్ధతి వాడాడు. రంగులను పళ్ళెంలో కలపకుండా, విడివిడిగా సన్నని గీతలుగా, చుక్కలుగా పక్కపక్కన పెడతారు. దగ్గరకు వెళ్తే గీతలే కనిపిస్తాయి, దూరం జరిగితే మన కన్నే వాటిని కలుపుకుంటుంది. పద్దెనిమిది అడుగుల గుడ్డ నిండా అలా గీయడానికి ఎంత ఓర్పు కావాలో లెడ్జర్లు రాసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చివరగా ఆ స్త్రీని చూడండి. చంకలో బిడ్డ, చెప్పులు లేని కాళ్ళు. నడుమ మనిషితో చెయ్యి చాపి ఏదో చెబుతోంది. ఆమెకు నమూనాగా నిలబడినది పెలిజ్జా భార్య తెరేసా. ఆమెదీ ఆ ఊరే, వ్యవసాయ కుటుంబమే. మిగిలినవారిలోనూ చాలామంది వోల్పేదో మనుషులే. వాళ్ళకు కూలి ఇచ్చి, ఒక్కొక్కరినీ నిలబెట్టి, విడివిడిగా గీసుకుని, తరవాత బొమ్మలో చేర్చాడు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. దూరం నుంచి చూస్తే గుంపు. దగ్గరకు వెళ్తే గుంపు అనేది లేదు. ప్రతివాడికీ ఒక ముఖం ఉంది, ఒక ఇల్లుంది, ఒక పేరుంది.

ఇంత శ్రమకు ఫలితమేమిటి? 1902లో తూరిన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో పెట్టాడు. బహుమతి రాలేదు, కొన్నవాడూ లేడు. 1906లో ఆయన గీసిన 'సూర్యుడు' అనే చిత్రాన్ని ఇటలీ ప్రభుత్వం కొన్నది గానీ, ఈ కూలీల బొమ్మ మాత్రం అమ్ముడుపోలేదు. 1907లో తెరేసా ప్రసవంలో చనిపోయింది. బిడ్డా దక్కలేదు. ఆ ఏడాది జూన్ 14న పెలిజ్జా తన చిత్రశాలలోనే ప్రాణం తీసుకున్నాడు. ఇంకా నలభై నిండలేదు.

ఆయన పోయిన పదమూడేళ్ళకు, 1920లో, మిలాన్ పౌరులు చందాలు వేసుకుని ఈ చిత్రాన్ని నగరం కోసం కొన్నారు. ఏ నగరంలో రొట్టె అడిగినవారిమీద ఫిరంగులు పేలాయో, ఆ నగరమే కొన్నది. తరవాత ఫాసిస్టుల పాలనలో దాన్ని గిడ్డంగిలో పడేశారు. యుద్ధం ముగిశాక బయటికి తీసి నగరపాలక సంస్థ భవనంలో పెట్టారు. 1980లో ఆధునిక కళామందిరానికి, 2010లో ఇరవయ్యో శతాబ్దపు మ్యూజియానికి మార్చి, 2022లో మళ్ళీ ఆధునిక కళామందిరానికే చేర్చారు. వోల్పేదోలో ఆ చౌకుకు ఇప్పుడు ఈ చిత్రం పేరే పెట్టుకున్నారు.

మిత్రులారా! పరాయిదేశపు బొమ్మ మన సమావేశంలో ఎందుకంటారా? నా సర్వీసులో అర్జీదారు పేరుకన్నా ఫైలు నంబరే ముందు నోట్లో ఆడేది. ఆఫీసు ఆ విధంగానే నడుస్తుంది, తప్పదు. కాని మనం గ్రూపు ఫోటోలు అచ్చువేస్తాం. కింద ఏమని రాస్తాం? 'కూర్చున్నవారు ఫలానా, ఫలానా' అని ఆఫీసర్ల పేర్లన్నీ వరసగా రాసి, చివర 'నిల్చున్నవారు ఇతర సిబ్బంది' అంటాం. ఆ నిల్చున్నవారిలో అటెండర్లున్నారు, నైట్ వాచ్‌మన్లున్నారు, స్వీపర్లున్నారు, రికార్డు రూములో దుమ్ము పీల్చి ఆయాసం తెచ్చుకున్నవారున్నారు. మన ధర్నాలకు అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసినవారూ వాళ్ళే. కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు ఆ ఫోటో దాచుకుంటే, అందులో తండ్రి పేరు 'ఇతరులు' అని ఉంటుంది.

నాదొక చిన్న ప్రతిపాదన. ఈ ప్రత్యేక సంచికలో వేసే పాత ఫోటోలన్నిటికీ, నిల్చున్నవారి పేర్లు కూడా ఒక్కటీ వదలకుండా వేద్దాం. గుర్తులేనివారిని గుర్తున్నవారిని అడిగి కనుక్కుందాం. డెబ్బై దాటిన మనం ఇంకా ఉండగానే ఈ పని జరగాలి, తరవాత అడిగినా చెప్పేవారుండరు. ఆ కాగితం పని నాకప్పగించండి. అలవాటైన పనే!